సరోజకు సంబంధం చూడబోయి

ఒక ఆడచేపను థర్మకోల్ డబ్బాలో పెట్టుకుని మదనపల్లె నుంచి కుప్పం దాకా బస్సులో వెళ్ళినవాళ్ళు మీలో ఎవరూ ఉండరని నా నమ్మకం. ఉంటే క్షమించండి, మీకు ఇందులో కొత్త సంగతులేవీ దొరకవు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. ఈ ప్రయాణంలో చాలా ఊళ్ళు చూశాను, చాలా సంగటి తిన్నాను, నోరు మూసుకోవాల్సిన చోట ఒక్కసారి మాట్లాడాను. ఊళ్ళ గురించీ సంగటి గురించీ కూడా చెప్తాను గానీ, అసలు కథ ఆ ఒక్కసారిదే.

మదనపల్లె: పెళ్ళికూతురు

సరోజ మా ఇంటి చేప. సొంత ఖండం దక్షిణ అమెరికా. సిక్లిడ్లు అనే పెద్ద కుటుంబంలో కీహోల్ అనే చిన్న శాఖకు చెందింది. ఆ కుటుంబంలో ఆస్కార్లూ ఏంజెళ్ళూ మీరు ఏ డెంటిస్టు దగ్గరికి పోయినా కనబడతాయి. కీహోల్ కనబడదు. అరచేతిలో సగం ఉంటుంది. లేత గోధుమరంగు ఒళ్ళు, కంటి మీదుగా నిలువునా ఒక నల్ల గీత, వీపు కింద పక్కన పాతకాలపు తాళంకప్పకు ఉండే రంధ్రం ఆకారంలో ఒక నల్ల మచ్చ. ఎవరి జోలికీ పోదు. కొట్లాడదు కాబట్టి ఎవరూ కొనరు, కొనరు కాబట్టి ఎవరూ తేరు. బెంగళూరులో ఒక దుకాణంవాడు అమ్ముడుపోని చేపలన్నీ కలిపి ఉంచిన తొట్టిలో నాకిది ఒంటరిగా దొరికింది. పేరు మా అమ్మ పెట్టింది. ఎవరైనా ఇంటికొస్తే తలుపుచాటుకు వెళ్ళిపోయే సరోజ అనే స్నేహితురాలు తనకు చిన్నప్పుడు ఉండేదట.

నేను ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటర్లు చెప్తాను. మా వీధి బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. సరోజ వాళ్ళ నదుల్లో నీళ్ళు వాన నీళ్ళంత మెత్తగా ఉంటాయని చదివిన రోజు నుంచి ఇంటికొచ్చే వాటర్ ప్లాంటు క్యానులో సగం ఆమె తొట్టిలోకి పోతోంది.

"నీ చేపకు క్యాను నీళ్ళు, నాకు బోరు నీళ్ళు" అంటుంది అమ్మ. "నేను కూడా ఆ తొట్లోనే పుట్టింటే బాగుండురా."

"తొట్లో సీరియల్ రాదు మా."

"అయితే వద్దులే."

ఎండాకాలం నుంచి సరోజ గుడ్లు పెడుతోంది. తొట్టిలో ఉన్న పలకరాయిని నోటితో శుభ్రంగా తోమి, వరుసలు వరుసలుగా పెడుతుంది. తిండి మానేసి, రెక్కలతో వాటికి గాలి విసురుతూ అక్కడే నిలబడుతుంది. మగచేప లేదు కాబట్టి అవి పొదగవు. రెండు రోజులకు తెల్లబడతాయి, తర్వాత బూజు పడతాయి. అప్పుడు తనే ఒక్కొక్క గుడ్డునూ నోటితో తీసేసి రాయిని మళ్ళీ తోముతుంది. వచ్చే నెల మళ్ళీ అదే. నేను దేనికైనా జోకు వేయగలను, బళ్ళో నాకా పేరుంది. కానీ ఆమె బూజు గుడ్లు ఏరుతున్నప్పుడు ఆ తొట్టి ముందు కూర్చుంటే ఏ జోకూ తోచేది కాదు.

అందుకని సంబంధాల వేట మొదలుపెట్టాను. చెన్నైలో లేదు, బెంగళూరులో "వచ్చే నెల వస్తుంది" అన్నారు, వాళ్ళు అన్ని చేపల గురించీ అదే అంటారు. చివరికి చేపలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కుప్పం దగ్గర శాంతిపురం నుంచి గోవిందప్ప అనే ఆయన ఫోటో పెట్టాడు. గీత, మచ్చ, అంతా అచ్చం. మగదేననీ పేరు రాజా అనీ రాశాడు. పంపిస్తారా అని ఫోన్ చేశాను.

"ఆవునే కదప్పా ఎద్దు కాడికి తోలుకపోయేది" అన్నాడు. "నీ పిల్లనే తోలుకొని రా. నా కాడ వాన నీళ్ళు పట్టి పెట్టుండాను."

బయల్దేరదామనుకున్నాను. దసరా సెలవులు కూడా వచ్చాయి.

పుంగనూరు బస్సు

కండక్టర్ డబ్బాను వేలితో కొట్టి చూశాడు.

"ఏముండాది దీంట్లో?"

"చేప సార్."

"ఎన్ని?"

"ఒకటే."

"ఒక్క చేపకు ఇంత డబ్బానా! కూర ఎంతమందికప్పా?"

"కూరకు కాదు సార్. పెండ్లికి పోతాండాది."

"పెండ్లికి పోయేటోళ్ళు టికెట్ తీసుకోరా?" అని లగేజీ టికెట్ చింపి చేతిలో పెట్టాడు. జోకులు వేసేవాళ్ళకు జోకులు వేసేవాళ్ళు ఎదురైతే ఖర్చవుతుంది.

నా పక్క సీట్లో టమోటా మార్కెట్టు నుంచి వస్తున్న అవ్వ ఒకామె ఖాళీ గంపతో కూర్చుంది. ధర ఎట్లా ఉందని మర్యాదకు అడిగాను. "అడగబాక నాయనా, గంపకు కూడా సిగ్గేస్తాండాది" అంది. మా వైపు టమోటా ధర రెండే రకాలుగా ఉంటుంది: ఒకటి రైతు ఏడ్చే ధర, రెండోది మా అమ్మ ఏడ్చే ధర. ఇద్దరూ ఒకేసారి నవ్వింది నేను చూడలేదు.

ఊరు దాటిన కాసేపటికి అవ్వ చీర కొంగు ఎత్తి చూసుకుంది. "ఏమిరా, డబ్బా ఉచ్చపోసిండాదే?"

డబ్బా అడుగు కారుతోంది. సరోజ ఉన్న సంచికి బయట తొడిగిన సంచి ఎక్కడో చిరిగింది. లోపలి సంచికి బెదరకుండా పేపరు చుట్టి ఉంచాను. అది గట్టిగానే ఉంది గానీ, కుప్పం దాకా అవ్వలందరినీ తడుపుకుంటూ పోలేను కదా. పుంగనూరులో దిగిపోయాను.

పుంగనూరు: రఫీ భాయ్ సీటు కవర్లు

పుంగనూరు అంటే అందరికీ ఆవు గుర్తొస్తుంది. మోకాలెత్తు ఆవును చూడటానికి కార్లలో వస్తారు, ఎత్తుకుని ఫోటో దిగుతారు, ధర విని దించేస్తారు. నాకు మాత్రం ఇకమీదట ఆ ఊరంటే బస్టాండు దగ్గరి ఒక సీటు కవర్ల షాపు గుర్తొస్తుంది.

బయటి నుంచే లోపల పెద్ద చేపల తొట్టి కనబడింది. తొట్టి ఉన్నచోట సంచులుంటాయని వెళ్ళాను. బండి సీట్లకు కవర్లు కుట్టే రఫీ భాయ్ మిషన్ ఆపి లేచొచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడలో టేపు. సంగతి వినగానే సంచి కాదు, ఏకంగా రెక్సిన్ ముక్క ఒకటి కోసి డబ్బా అడుగున కొలతకు సరిపోయేట్టు కుట్టించి పరిచాడు. డబ్బు తీసుకోలేదు. పైగా టీ, చెక్కల్లాంటి నిప్పట్లు తెప్పించాడు. మదనపల్లెలో నిప్పట్టు పళ్ళకు పరీక్ష, ఇక్కడిది కాస్త దయగలది.

"లోపల ఏం చేపప్పా? ఒకసారి సూపియ్యి."

"ఇప్పుడు తెరిస్తే బెదుర్తాది భాయ్. బెదిరితే రంగంతా పోతాది."

ఈ మాట నేనే అన్నాను. గుర్తుంచుకోండి.

పెద్ద తొట్టిలో జానెడు దాటిన ఆస్కార్లు రెండు తిరుగుతున్నాయి. భాయ్ వాటిని చూపించలేదు. కుట్టుమిషన్ బల్లను ఆనుకుని ఉన్న చిన్న తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. అందులో ఒకే ఒక చేప, మూలకు నక్కి ఉంది. ఒళ్ళంతా చింతపండు పిసికిన నీళ్ళ రంగు, దాని మీద మురికి మురికి మచ్చలు. గీత లేదు, ఆకారమున్న మచ్చ లేదు. వీపు రెక్క చివర మాత్రం పొడుగ్గా సాగి తోక దాకా వచ్చింది.

"ఇది ఎవరికీ తెలీని చేప" అన్నాడు భాయ్ గొంతు తగ్గించి. "సెన్నైలో ఒకాయన తొట్లన్నీ అమ్మేసి పోతా ఉంటే తెచ్చినా. ఒక్కోడు ఒక్కో పేరు చెప్తాడు. నువ్వు చేపల మనిషివి గదా, సూసి చెప్పు. అందుకే దీనికి సపరేటు ఇల్లు."

ఆయన మొహంలో ఆశ చూసి నాకు ఉత్సాహం వచ్చింది. ఎవరైనా ఏదైనా గొప్ప అనుకుంటుంటే దాని గాలి తీయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పరీక్షగా వంగి చూశాను. మోటారు మిషన్ మీద కూర్చున్న పనివాడు అప్పుడే కుట్టడం మొదలుపెట్టాడు. బల్ల, తొట్టి, నీళ్ళు అన్నీ కలిసి వణికాయి.

"అకారా భాయ్ ఇది" అన్నాను. "బ్రౌన్ అకారా. చానా మామూలు చేప. దీనికి సపరేటు ఇల్లంటే, హోంగార్డుకు జడ్ ప్లస్ భద్రత ఇచ్చినట్టుండాది."

పనివాడు నవ్వాడు. భాయ్ కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా.

"మా ఊరి ఆవును కూడా ఒకప్పుడు పొట్టిదని ఎవరూ లెక్కజేయలేదప్పా."

"ఆవు వేరు భాయ్, అకారా వేరు."

"హౌ, అదీ నిజమే" అన్నాడు. "నా బామ్మర్ది ఫ్లవర్‌హార్న్ చేప ఒకటి తెస్తానంటాండాడు. తొట్టి ఖాళీ లేదని ఆపినా."

"ఈ మొగానికి దాన్ని ఆపితిరా? తెప్పించుకోండి భాయ్."

రెక్సిన్ పరిచిన డబ్బా ఎత్తుకుని, టీ బాగుందని చెప్పి, పలమనేరు బస్సెక్కాను. షాపు పేరు చూడలేదు, ఫోన్ నంబరు తీసుకోలేదు. తీర్పు చెప్పినవాడు వెనక్కి తిరిగి చూడడు కదా.

కుప్పం: పట్టుపురుగుల షెడ్డు

పలమనేరులో బస్సు మారితే నేల ఎర్రబడుతుంది, మల్బరీ తోటలు మొదలవుతాయి, మాటలో మూడు భాషలు కలుస్తాయి. దారిలో హోటల్లో సంగటి, పప్పు, ఊరిబిండి పచ్చడి పెట్టారు. మా అమ్మ ఊరిబిండిలో వేరుశనగలు ఎక్కువ, ఇక్కడ మిరపకాయలు ఎక్కువ. కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే హోటలాయన "సాకా? ఇంకా వేయాల్నా?" అని కన్నడం తెలుగు కలిపి అడిగాడు. ఏ భాషలోనూ జవాబు చెప్పే స్థితిలో లేను.

గోవిందప్ప పట్టుపురుగులు పెంచే రైతు. చేపల తొట్లు కూడా పురుగుల షెడ్డులోనే ఒక వారగా పెట్టుకున్నాడు. ఆ షెడ్డులోకి ఊరికే పోనివ్వరు. గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళ గుంతలో కాళ్ళు ముంచాలి, చేతులు కడగాలి, అత్తరు గిత్తరు పూసుకుని ఉంటే వెనక్కి పోవాలి. లోపల చీకటి, చల్లదనం, వేల పురుగులు ఆకు నములుతున్న చప్పుడు, సన్నటి వాన పడుతున్నట్టు. గుడిలో కూడా నేనింత బుద్ధిగా అడుగేసింది లేదు.

"రాజా యాడన్నా?"

గోవిందప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఉండాది. కాకపోతే ఒక చిన్న సమాచారం."

తొట్టిలో రాజా అందంగా ఉంది. కంటి గీత, తాళం రంధ్రం మచ్చ, అన్నీ సిరాతో గీసినట్టున్నాయి. పక్కన బోర్లించిన కుండపెంకు మీద వరుసలు వరుసలుగా తెల్లబడిన గుడ్లు ఉన్నాయి.

నాకు ఆ గుడ్లు పరిచయమే.

"మొన్న పెట్టిందప్పా" అన్నాడు గోవిందప్ప నేల చూస్తూ. "రాజా అని పేరు పెట్టి, ఊరంతా చెప్పుకొని... నాకే తల తీసినట్టు అయిపోయె."

"ఫోన్లో చెప్పుంటే సరిపోయేది కదన్నా. ఇంత దూరం వచ్చినానే."

"చెప్తే నువ్వు రావు గదప్పా." ఆయన ఈసారి నన్ను చూశాడు. "ఈడ అందరూ పురుగులు, పట్టుగూళ్ళ రేట్లు, ఇవే మాట్లాడతారు. చేపల మాట ఎత్తితే నా పెండ్లామే లేచి పోతాది. ఒకడొస్తాడు, రెండు దినాలు మాట్లాడుకోవచ్చులే అనుకున్నా."

కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు. సరే, సరోజ పొద్దున్నుంచీ సంచిలో ఉంది, కాసేపు తొట్టిలో ఊపిరి తీసుకోనిద్దామని డబ్బా తెరిచాను. పేపరు విప్పి, సంచిని వెలుతురుకు ఎత్తాను.

లోపల సరోజ లేదు. చింతపండు నీళ్ళ రంగు చేప ఒకటి ఉంది. ఒళ్ళంతా మురికి మచ్చలు. గీత లేదు. తాళం రంధ్రం లేదు.

"ఇదేమప్పా, అకారాను తెచ్చినావే?" అన్నాడు గోవిందప్ప.

కీహోల్ బెదిరితే గీతా మచ్చా మాయమై బురదరంగుకు తిరుగుతుంది. ఇది నాకు తెలుసు. గ్రూపులో కొత్తవాళ్ళకు నేనే చెప్తుంటాను. దుకాణం వెలుతురులో బెదిరిన చేపను చూసి పేరు పెట్టకూడదు, ఒక పూట మెదలకుండా కూర్చుని చూడాలి అని, నాకు నేనే పెద్దమనిషినై. మా ఇంట్లో సరోజను నేను బెదరనివ్వలేదు కాబట్టి ఆ రంగు కళ్ళారా ఎప్పుడూ చూడలేదు, అంతే. పుంగనూరులో ఆ చేప రోజంతా కుట్టుమిషన్ బల్ల పక్కన వణుకుతూ బతుకుతోంది. దానికి ఇంకో రంగు చూపించే అవకాశం ఎవరిచ్చారు?

ఆ పుంగనూరు చేపకు వీపు రెక్క చివర పొడుగ్గా సాగి ఉంది. మగదాని గుర్తు అదే.

గోవిందప్పకు చెప్పాను. ఆయన వాళ్ళింటి బండెక్కించి బస్టాండుకు తీసుకుపోయాడు గానీ, అప్పటికి పలమనేరు వైపు బస్సులు అయిపోయాయి. ఇంటికి తీసుకుపోయి, ఆయన భార్య చేసిన అలసంద వడలు తినిపించి, తన రెండు రోజుల మాటలూ ఆ రాత్రే మాట్లాడేశాడు. నేను ఊ కొట్టాను. షెడ్డులో సరోజ వాన నీళ్ళలో పడిన కాసేపటికి గీతా మచ్చా తిరిగొచ్చాయి. అంత సేపు చాలు. అంత సేపు మిషన్ ఆపమని అడిగి ఉంటే చాలు.

పొద్దున్నే బయల్దేరుతుంటే గోవిందప్ప రాజాను కూడా తీసుకుపొమ్మన్నాడు. వద్దన్నాను. ఆయనకు మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉండాలి.

మళ్ళీ పుంగనూరు

దారి పొడుగునా సంబంధం మాటలు సిద్ధం చేసుకున్నాను. భాయ్, నేను తప్పు చెప్పాను, ఇది ఎవరికీ తెలియని చేపే, మీరన్నదే నిజం. ఆ మొహం ఎట్లా వెలుగుతుందో కూడా ఊహించుకున్నాను. మగచేపను ఇవ్వకపోయినా సరే, సరోజను అక్కడే వదిలిపెడతాను, మిషన్ను మాత్రం అవతలి గోడకు జరపమంటాను.

మధ్యాహ్నానికి షాపు చేరాను. చిన్న తొట్టిలో నుదురు ఉబ్బిన ఫ్లవర్‌హార్న్ ఒకటి అద్దానికి మొహం ఆనించి నన్ను చూసింది. పెద్ద తొట్టిలో ఆస్కార్లు రెండే ఉన్నాయి.

"అరే, మదనపల్లె! రా రా" అన్నాడు రఫీ భాయ్. "సూడు, నువ్వు చెప్పినావు, తెప్పించేసినా. నిన్న సాయంత్రమే తెచ్చినాడు బామ్మర్ది."

"ఆ అకారా?"

"పెద్ద తొట్లో వేసినా. రాత్రంతా ఫిల్టరు ఎనకాల ఉండె. ఈ పొద్దున..." భాయ్ ఆగి, టీ చెప్పమని పనివాడిని పంపాడు. "ఈ పొద్దున కరెంటు పోయె. మిషన్లు లేవు, లైట్లు లేవు. నేను ఊరికే కూసోనుంటే అది మెల్లగా బయటికొచ్చిందప్పా. ఏం చెప్పాల నీకు! కంటి మీద ఇట్ల నల్లగా ఒక గీత. పక్కన ఒక మచ్చ, తాళం మాదిరి. సంవత్సరం పెంచినా, ఎప్పుడూ సూడలేదు అట్ల. నువ్వు సూసింటే బాగుండె అనుకున్నా. కరెంటొచ్చి మిషన్ మీద కూసున్నా. మళ్ళీ తలెత్తితే లేదు. ఆ నా కొడుకులు వదుల్తారా."

ఆస్కార్లు నోళ్ళు తెరిచి మూస్తూ తిరుగుతున్నాయి.

"అకారాకు అట్లాంటి గీత వస్తాదాప్పా?" అని అడిగాడు.

మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆయన టేపు మెడలో సర్దుకుంటూ, జవాబు కోసం నా మొహంలోకి చూస్తున్నాడు. మామూలు చేప పోయిందని ఒక రకంగా సర్దుకున్న మనిషి. ఆ సర్దుకున్నదాన్ని పీకి, మీరు ఆస్కార్లకు వేసింది మన మూడు ఊళ్ళలో ఇంకెక్కడా లేని మగచేప అని చెప్తే, ఎవరికి మేలు? నాకు బరువు తగ్గుతుంది, అంతే. ఆయనకు పెరుగుతుంది.

"వస్తాది భాయ్" అన్నాను. "మామూలే."

"అట్లనా." ఊపిరి వదిలాడు. "నువ్వు మామూలు చేప అని చెప్పింటివి కాబట్టి సరిపోయె. లేకుంటే మనసు కొట్టుకునేది నాకు. అయినా సంవత్సరం అలవాటప్పా. అట్లాంటిదే ఇంకొకటి యాడన్నా కనపడితే చెప్పు. మామూలుదైనా పర్వాలేదు."

"చూస్తాను భాయ్."

టీ వచ్చింది.

"ఇంతకీ కుప్పం పోయినోడివి మళ్ళీ ఈడ ఏల దిగినావు?"

జోకుల కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ లేదు. షాపు గోడల నిండా కవర్లు వేలాడుతున్నాయి.

"బండికి సీటు కవరు కుట్టించుకుందామని."

భాయ్ మొహం విప్పారింది. నా కోసమే ప్రత్యేకంగా మంచి రెక్సిన్ దించాడు, అంచుకు ఎర్ర పైపింగు వేస్తానన్నాడు, సగం ధరే తీసుకుంటానన్నాడు. ఏ బండి అని అడిగితే బయట ఎవరో నిలిపి పోయినదాన్ని చూపించి అట్లాంటిదే అన్నాను. మిషన్ మీద తనే కూర్చున్నాడు. డబ్బాను బల్లకు దూరంగా, గుమ్మం అవతల పెట్టుకుని నిలబడ్డాను.

కుట్టడమయ్యాక ఆ బండి మీదే కవరు తొడిగి, నాలుగు వైపులా లాగి, అరచేత్తో నిమిరి చూపించాడు. ఎక్కడా ఒక్క ముడత లేదు.

"మీ ఇంట్లో బండికి ఇంతకంటే బాగా కుదుర్తాది, సూడు" అన్నాడు.

మా ఇంట్లో బండి లేదు.